జపాను గాజులు

కొత్త గాజులు ఏవి చేతికొచ్చినా తొడుక్కునే ముందు వాసన చూస్తాను. మా ఇంట్లో పిల్లలకు ఇదొక వేళాకోళం. "అమ్మమ్మ గాజుల్ని కూడా పప్పు పులిసిందేమోనని చూసినట్టు చూస్తుంది" అంటారు. నవ్వుకోనీ. ఎనభై దాటాయి, నా చాదస్తాలు నావి. కర్పూరం వాసన వస్తుందేమోనని చూస్తానని మాత్రం వాళ్ళకు చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే మా వదిన సంగతి చెప్పాలి, మా అమ్మ సంగతి చెప్పాలి, ఆఖరికి నా సంగతి చెప్పాలి. అక్కడికి వచ్చేసరికి నోరు పెగలదు. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి రాస్తున్నాను.

మాది రెంటచింతల. ఎండాకాలం మధ్యాహ్నం పూట కాకులు కూడా అరవని ఊరు. ఆ ఎండ చాలనట్టు మా ఇంట్లో ఏడాది పొడుగునా కుంపటి రగులుతూనే ఉండేది. మా అమ్మ లక్క గాజులు చేసేది. నాన్న వాటిని గంపకెత్తుకుని బెల్లంకొండ దాకా ఊరూరూ తిరిగి అమ్మి, పదిరోజులకోసారి ఇంటి మొహం చూసేవాడు. లక్క ఎక్కడిదంటే, మాచర్ల అవతల అడవిలో మోదుగ చెట్లకూ రేగు చెట్లకూ సన్నటి పురుగులు పడతాయి. కొమ్మ చుట్టూ అవి కట్టుకున్న బంకే లక్క. దాన్ని గీకి, కడిగి, కరగబెట్టి, బిళ్ళలు చేసి అమ్ముతారు. అమ్మ ఆ బిళ్ళను నిప్పు మీద మెత్తబరిచి, రంగు కలిపి, పీట మీద తాడు పేనినట్టు సాగదీసి, వంచి గాజు చేసేది.

గాజులు చేసేవాళ్ళు ఇంకొందరు ఉండేవారు గానీ అమ్మలాగా తొడిగేవాళ్ళు చుట్టుపక్కల లేరు. మణికట్టుకు తడిగుడ్డ చుట్టి, గాజును దాని మీదికి ఎత్తిపట్టి, పటకారుతో ఒక నిప్పుకణిక తీసి గాజుకు ఒక్కచోట దగ్గరగా చూపించేది. తగలనిచ్చేది కాదు. రెండు గుటకలు వేసేంత సేపట్లో లక్క అక్కడ మెత్తబడేది. వేళ్ళతో విడదీసి, చేతికి ఎక్కించి, మళ్ళీ అతికి, తడివేలితో నున్నగా రాసేది. అతుకు ఎక్కడుందో తొడుక్కున్న మనిషికే తెలిసేది కాదు. తీయాలన్నా అదే పద్ధతి. ఒళ్ళు నీరు పట్టిన చూలింతలు, గాజు బిగుసుకుపోయి ఏడ్చేవాళ్ళు అందరూ అమ్మ దగ్గరకే వచ్చేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్క చేతి మీద బొబ్బ లేవలేదు. "గాజు చిట్లగొట్టడం దేనికే, నిప్పుకు లొంగని గాజు లేదు" అనేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా అమ్మ. అయితే ఆ ఒక్క విషయంలో ఆ గర్వం ఆమెకు తగినదే.

యుద్ధం వచ్చాక లక్కకు గిరాకీ పెరిగింది. తుపాకులకు పూతకని ఒకరు, గ్రామఫోను ప్లేట్లకని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. మా దాకా వచ్చే బిళ్ళలు తగ్గిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పటికే బజార్లలో రబ్బరు గాజులు దిగాయి. అవి రబ్బరువి కావు. ప్లాస్టిక్ అనే మాట అప్పటికి మా నోళ్ళలో పడలేదు. తేలిగ్గా ఉండి వంగే కొత్త వస్తువేదైనా మాకు రబ్బరే. జపాను నుంచి వచ్చేవి. ఎర్రగా, దానిమ్మ గింజల్లాగా ఉండేవి. కిందపడితే పగలవు, చెమటకు రంగు పోదు. వాటి పేరెత్తితే అమ్మకు ఒళ్ళు మండేది. "బరువే లేదు, అదేం గాజే" అని తీసిపారేసేది. నిన్నటిదాకా తన ముందు చెయ్యి చాచిన ఆడవాళ్ళు ఆ గాజులు వేసుకుని వీధిలో పోతుంటే మొహం తిప్పుకునేది.

ఆ రోజుల్లోనే మా అన్న పటాలంలో చేరాడు. మాకు పొలం లేదు, లక్క పనిలో ఇంకో మనిషికి చోటు లేదు. పటాలంలో తిండీ బట్టా ఇస్తారని పోయాడు. పెళ్ళయి అప్పటికి ఏడాది కాలేదు. వదినకు రెండో నెల. బయలుదేరే ముందు ఏవో కాగితాల పని మీద నరసరావుపేట పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. వదినకు గాజులు కొనాలట. ఆమె వాంతులతో మంచం దిగలేదు. ఆమె చెయ్యీ నా చెయ్యీ ఒకటే కొలత.

అప్పుడు నాకు పదిహేడు. పెళ్ళయింది గానీ ఇంకా కాపురానికి పంపలేదు. అన్న రమ్మంటే నాకూ ఏదో కొంటాడనే అనుకున్నాను. మాచర్ల రైల్లో కిటికీ పక్కన కూర్చుని, నరసరావుపేట వచ్చేదాకా ఏ రంగు అడగాలా అని ఆలోచించాను. కొట్లో ఆ ఎర్ర గాజులు నాలుగు సబ్బునీళ్ళతో నా చేతికి ఎక్కించి, సరిపోయాయని చూసి, మళ్ళీ సబ్బునీళ్ళతో నా చేతి నుంచే లాగేశారు. "మీ వదినకు భలే ఉంటయ్ గదే" అని అన్న మురిసిపోయాడు. నేను కొలబద్దను, అంతే. వట్టి చేతులతో నిలబడ్డాను. ఇవాళ చూస్తే అది చాలా చిన్న విషయం. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది.

అన్న సోడా తాగొస్తానని బయటికి పోయాడు. గాజులు కాగితంలో చుడుతూ కొట్టాయన నాతో చెప్పాడు.

"అమ్మాయ్, ఇది పాత సరుకు. జపానోళ్ళతోనే యుద్ధం గదా, ఇంక రావు. జాగర్తగా వాడుకోండి. బిగుతయితే వేడినీళ్ళలో చెయ్యి పెట్టుకుని కాసేపు ఉంటే మెత్తబడి వచ్చేస్తయ్. పొయ్యి కాడికి మాత్రం పోనియ్యబాకండి, దీపం కాడికి కూడా వద్దు. ఇది లక్క కాదు. నిప్పు తగిలిందంటే భగ్గుమంటది."

నేను తలూపాను. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

వదినకు చెప్పలేదు. మర్చిపోయి కాదు. అన్న గాజులు ఇచ్చాడు, ఆమె తొడుక్కుని నా ఎదురుగానే చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. మీ గాజుల సంగతి మీరే చూసుకోండి అనుకున్నాను. అడిగినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అలాంటిది ఎవరైనా ఎందుకు అడుగుతారు? జపానువాళ్ళ మీదికి యుద్ధానికి పోయేవాడు పెళ్ళానికి జపాను గాజులు తొడిగి పోతున్నాడని ఊళ్ళో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుల్లో నేనూ కలిశాను.

వదిన చెడ్డదైతే ఇది రాయడానికి నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. ఆమె నాకు రోజూ తల దువ్వి జడ వేసేది. తన వంతు మజ్జిగ నా గ్లాసులో వంచేది. "ఎండకు నల్లబడితే మీ ఆయన గుర్తుపట్టడు, లోపలికి రావే" అని ఆటపట్టించేది. ఆ గాజులు కూడా ఒకసారి తీసి "ఇయ్యాల నువ్వేసుకో" అంటే, నాకేం అక్కర్లేదని నేనే మొహం ముడుచుకుని పోయాను.

అన్న ఉత్తరాలు మొదట్లో నెలకొకటి వచ్చేవి. బర్మా వైపు పంపుతున్నారని ఒకటి వచ్చింది. ఆ తర్వాత మూడు నెలలు ఏమీ రాలేదు. అమ్మ రోజూ పోస్టు వచ్చే వేళకు పని ఆపి వీధిలోకి చూసేది. అంతలో రోహిణి కార్తె వచ్చింది. వదినకు ఎనిమిదో నెల. కాళ్ళూ చేతులూ నీరు పట్టాయి. కుడిచెయ్యి మరీ ఉబ్బి, అప్పటిదాకా వదులుగా ఉన్న గాజులు రెండూ కండలోకి దిగబడ్డాయి. వేళ్ళు నీలంగా మారాయి. ఆముదం రాశారు, సబ్బు నురగ పెట్టారు. ఊడి రాలేదు.

పక్కింటి పెద్దమ్మ చూడటానికి వచ్చి, "కత్తెర పెట్టి కత్తిరించండే, చెయ్యి పోద్ది" అంది.

"ఆయన కబురే తెలవకుండా ఉంటే గాజు కత్తిరించమంటావా పెద్దమ్మా? చెయ్యి పోతే పోనీ" అంది వదిన. అనడమే కాదు, ఆ చేతిని కొంగులో దాచుకుంది.

అమ్మ కూడా కత్తెర ముట్టలేదు. అవతల ఉన్నది తన కొడుకు. మొగుడు యుద్ధంలో ఉండగా పెళ్ళాం చేతి గాజును ముక్కలు చేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. కాసేపు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, కుంపటి రాజెయ్యి. ఎంత రబ్బరయినా నిప్పుకు లొంగాల్సిందే" అంది.

కుంపటి రాజేసింది నేనే. బొగ్గుల మీద విసురుతూ ఉండగా కొట్టాయన మాట గుర్తొచ్చింది. గుర్తుకు రాలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. వచ్చింది. చెప్పాలనీ అనిపించింది. అయితే ఇప్పుడు చెబితే ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అప్పుడేం చెప్పను? పైగా నిప్పు సంగతి అమ్మకు నేను చెప్పడమేమిటి, ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్న మనిషి, ఆమెకు తెలుసులే అనుకున్నాను. చివరికి, గొణిగినట్టు, "వేడినీళ్ళు పెట్టి చూద్దామా అమ్మా?" అన్నాను.

"నీళ్ళకు గాజు కరుగుద్దటే? నోర్మూసుకుని విసురు" అంది అమ్మ.

నోరు మూసుకున్నాను.

అమ్మ ఎప్పటిలాగే చేసింది. గాజుల కింద తడిగుడ్డ దూరే సందు లేదు, వాటికి అటూ ఇటూ చుట్టింది. పటకారుతో కణిక పట్టుకుని పై గాజుకు దగ్గరగా చూపించింది. ముందు కర్పూరం వాసన వచ్చింది, హారతి వెలిగించినప్పుడు వచ్చే వాసన. "బాగుంది అత్తా" అంది వదిన. అమ్మ కూడా ముక్కు ఎగబీల్చి, "మంచి సరుకే కలిపారు" అంటూ కణికను ఇంకాస్త దగ్గరికి తెచ్చింది.

బుస్సుమని తెల్లటి మంట లేచి గాజు చుట్టూ పరిగెత్తింది. పక్క గాజు కూడా అంటుకుంది. లక్క అయితే మెత్తబడి వచ్చేసేది. ఇది మండుతూ కరిగి చర్మాన్ని పట్టుకుంది. వదిన కొంగు అంటుకుంది. అమ్మ పటకారు పారేసి, మండుతున్న ఆ మణికట్టును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మంట ఆమె వేళ్ళ సందుల్లో నుంచి వచ్చింది. ఆమె వదల్లేదు. వదిన "గాజు, గాజు" అని అరుస్తూనే ఉంది. నేను నీళ్ళ కడవ ఎత్తి ఇద్దరి మీదా కుమ్మరించాను. కడవ నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది, నేను లేచేసరికే ఆలస్యమైంది.

పెద్దమ్మ వాళ్ళ బండి కట్టించి ఇద్దరినీ గురజాల ఆసుపత్రికి తీసుకుపోయాం. ఊదారంగు మందు పూసి కట్లు కట్టారు. చేయగలిగింది చేశారు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే నేను నీళ్ళు కాచి, గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడి ఉండగా గిన్నెలో పోసి, వదిన ఎడమచెయ్యి అందులో పెట్టించాను. ఆ చేతికి ఉన్న రెండు గాజులూ కొద్దిసేపటికి మెత్తబడ్డాయి. సబ్బు రాసి లాగితే చిట్లకుండా, గీత పడకుండా వచ్చేశాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఒక సామెత ఉంది. ఆ రోజు తర్వాత ఆ సామెత నేను నోటితో పలకలేదు. అమ్మ పక్క మంచం మీద రెండు చేతులకూ కట్లతో పడుకుని నేను చేసేదంతా చూస్తూ ఉంది.

నాలుగో రోజున వదినకు నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది, వేళ్ళకు గోళ్ళు కూడా సరిగా రాలేదు. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి వదిన పిల్లను సరిగా ఎత్తుకోలేకపోయింది. నేను పట్టుకుని ఆమె రొమ్ము దగ్గర పెట్టేదాన్ని. పిల్లకు చీకే బలం లేదు. మూడు రోజులుంది. పేరు పెట్టలేదు.

వదిన చెయ్యి మానేసరికి వానలు పడ్డాయి. మణికట్టు లోపలికి వంగి అలాగే ఉండిపోయింది. అమ్మ వేళ్ళు ముడుచుకుపోయాయి, కుడిచేతి వేళ్ళు మూడు ఒకదానికొకటి అతుక్కున్నాయి. లక్క తాడు తీయడానికి ఆ వేళ్ళు పనికిరావు. పీట, పటకారు, మిగిలిన బిళ్ళలు నాన్న ఎవరికో ఇచ్చేశాడు. కుంపటి అటకెక్కింది.

నా కొడుకు సైన్సు మాస్టారు. వాడికి ఈ కథ సగమే తెలుసు. ఒకసారి ఆ గాజు ఏమై ఉంటుందని అడిగితే, "సెల్యులాయిడ్ అమ్మా. పత్తిని యాసిడ్‌లో నానబెట్టి, కర్పూరం కలిపి చేస్తారు. పాత సినిమా రీళ్ళు కూడా అదే" అన్నాడు. చాలాసేపు నాకు నమ్మకం కలగలేదు. మా ఊరి చుట్టూ నల్లరేగడిలో పండే పత్తే అది. అమ్మ చేసే గాజు లక్క పురుగు కట్టిన బంక. జపాను గాజు చేలో కాసిన పత్తి, చెట్టు నుంచి తీసిన కర్పూరం. రెండూ ప్రాణం ఉన్నవాటి నుంచి వచ్చినవే, రెండూ వేడికి మెత్తబడేవే. నిప్పుకు లొంగని గాజు లేదని అమ్మ అనడంలో అంత పెద్ద తప్పేముంది? "కర్పూరం వాసన వచ్చినప్పుడైనా ఆగాల్సింది, కర్పూరం అంటేనే మండేది కదా" అన్నాడు వాడు. వాడి మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వాసన రాకముందే తెలిసిన మనిషి విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చుందని వాడికి తెలియదు.

యుద్ధం అయిపోయాక అన్న తిరిగొచ్చాడు. అప్పటికి కాపురానికి పోయిన నేనూ చూడటానికి వచ్చాను. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి. మలేరియాతో సగమయ్యాడు గానీ మనిషి దక్కాడు. వదిన పెట్టె తెరిచి ఎడమచేతి ఎర్ర గాజులు రెండూ తీసి అమ్మకు చూపించింది. "చూశావా అత్తా, కుడిచేతివి రెండూ కాలినయ్ గానీ చిట్లలేదు. అందుకే వచ్చాడు" అంది. ఆమె మొహంలో నిజంగానే సంతోషం ఉంది. నేను ఆ మొహం చూడలేక దొడ్లోకి పోయాను.

తిరిగి వచ్చేసరికి అన్న ఆ వంకర చేతిని పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఎట్టా అయిందమ్మా ఇది?" అని అడిగాడు.

"నేనేరా చేసింది. నాకంతా తెలుసనుకున్నా. నా తలపొగరు" అంది అమ్మ.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అమ్మ నా వైపు చూడలేదు. అన్న ఆమెను ఒక్క మాట అనలేదు, కానీ ఆ తర్వాత రెండేళ్ళు ఆమెతో సరిగా మాట్లాడలేదు. అమ్మ అన్నం ముందు కూర్చుంటే లేచి పోయేవాడు. వదినే ఇద్దరి మధ్యా మాటలు మోసేది. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఈ వరస చూసేదాన్ని. ఈసారి చెప్పేస్తాను అనుకుని రైలెక్కేదాన్ని, చెప్పకుండానే తిరుగు రైలెక్కేదాన్ని. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ బతికారు.

అన్న వచ్చిన మూడో వేసవిలో అమ్మ మంచాన పడిందని కబురొస్తే పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళాను. ఆమెకు అన్నం కలుపుకునే వేళ్ళు లేవు, నేనే తినిపించేదాన్ని. ఒక మధ్యాహ్నం వదిన నీళ్ళకు పోయింది, అన్న ఇంట్లో లేడు. నేను ముద్ద చేసి నోటి దగ్గర పెడితే అమ్మ నోరు తెరవలేదు.

"ఏమే, ఆ రోజు వేడినీళ్ళు పెడదామా అన్నావు. నీకెట్టా తెలిసింది?" అంది.

ముద్ద నా చేతిలోనే ఉంది. "ఊరికే తోచిందమ్మా" అన్నాను.

"కొట్టోడు ఏమన్నా చెప్పాడా?"

"లేదమ్మా."

నా పెద్దపిల్ల వచ్చి ఆమె మంచం పట్టీ పట్టుకుని నిలబడితే, ఆ ముడుచుకుపోయిన చేత్తో దాని తల నిమిరింది.

"సరే. మీ అన్న అడిగినా ఇట్టాగే చెప్పు. పిల్లల తల్లివి, నీకెందుకు. నాతో పాటే పోద్ది" అని, నోరు తెరిచింది.

నేను ముద్ద పెట్టాను.